మూడు ఆసుపత్రుల ఉమ్మడి లెక్క: క్వాంటం కీలను పొదుపుగా వాడిన కథ

డేటా బయటపెట్టకుండా ఉమ్మడి లెక్కలు చేయడం నా పని. మొదట నా దగ్గరికి వచ్చింది రెండు ఆసుపత్రుల వాళ్లు. ఒకే అరుదైన జన్యువ్యాధికి రెండు చోట్లా చికిత్స జరుగుతోంది. ఫలానా జన్యుమార్పు ఉన్న రోగులు, అది లేనివాళ్లకన్నా ముందే చనిపోతున్నారా అన్నది డాక్టర్ల ప్రశ్న. ఎవరి రికార్డులు వాళ్లు చూసుకుంటే ఏదీ తేలదు, సంఖ్య చాలదు. కలిపితే తేలొచ్చు. కానీ కలపడానికి వీల్లేదు. వివరాలు ఆసుపత్రి గడప దాటవని రోగుల సమ్మతి పత్రంలో రాసి ఉంది. పత్రం మార్చి మళ్లీ సంతకాలు తీసుకుందామని ఎవరో అన్నప్పుడు ఒక సీనియర్ డాక్టరు ఒప్పుకోలేదు. సంతకం పెట్టినవాళ్లలో కొందరు ఇప్పుడు లేరనీ, వాళ్ల తరఫున మాట మార్చే హక్కు తనకు లేదనీ ఆవిడ తేల్చి చెప్పారు. ఈ పని ఒప్పుకోవాలని నాకు అనిపించింది ఆ క్షణానే.

జన్యు సమాచారానికి మామూలు రహస్యాలకు లేని చిక్కు ఒకటుంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, కార్డు పోతే కొత్తది తీసుకుంటాం. జన్యువులు మార్చుకోలేం. పైగా అందులో సగం పిల్లలది కూడా. అంటే ఈ రహస్యం యాభై అరవై ఏళ్లు నిలబడాలి. ఇవాళ తీగ మీద పోయే ఎన్‌క్రిప్ట్ చేసిన డేటాను ఎవరైనా అలాగే దాచిపెట్టుకుని, పెద్ద క్వాంటం కంప్యూటర్ వచ్చాక విప్పుకోవచ్చు. ఆర్‌ఎస్‌ఏ, ఎలిప్టిక్ కర్వ్ అనే వాడుకలో ఉన్న ఎన్‌క్రిప్షన్ పద్ధతుల్ని అలా విప్పే దారిని పీటర్ షోర్ 1994లోనే చూపించాడు. అందుకే వాళ్లు క్వాంటం మాట ఎత్తారు. ఇద్దరి మధ్యా ఒక క్వాంటం లింకు (కాంతికణాలు, అంటే ఫోటాన్లు, పంపే ఫైబర్) వేస్తే రికార్డులు చూపించుకోకుండానే లెక్క జరిగిపోతుందని వాళ్లు అనుకుంటున్నారు. మొదటి సమావేశం మొత్తం ఆ అభిప్రాయం మార్చడానికే సరిపోయింది.

ఇద్దరితో ఎందుకు కుదరదు

ఇద్దరు మనుషులు తమ సంఖ్యలు బయటపెట్టకుండా ఉమ్మడి లెక్క చేయడానికి ఒక్క సాధనం చేతిలో ఉంటే చాలు. దాని పేరు ఆబ్లివియస్ ట్రాన్స్‌ఫర్. ఒకరి దగ్గర రెండు సందేశాలుంటాయి, రెండోవారు వాటిలో ఒకటి ఎంచుకుని చదువుతారు. ఏది ఎంచుకున్నారో పంపినవారికి తెలియదు, ఎంచుకోనిది చదివేవారికి అందదు. ఇదొక్కటి ఉంటే ఏ లెక్కైనా కట్టొచ్చని కిలియన్ 1988లో నిరూపించాడు. ఫోటాన్లతో ఇలాంటిది చేయాలన్న ఊహ అంతకంటే పాతది. స్టీఫెన్ వీస్నర్ 1970 ప్రాంతంలో రాసిన వ్యాసంలోనే అది ఉంది. ఆ వ్యాసం అచ్చయింది మాత్రం 1983లో.

తర్వాత 1991లో బెనెట్, బ్రసార్డ్, క్రెపో, స్కుబిషెవ్‌స్కా దాన్ని పద్ధతిగా మలిచారు. అందులో ఒక మెలిక ఉంది. ఫోటాన్లు అందుకున్నవాడు వాటిని వెంటనే కొలిచానని నిరూపించుకోవాలి. కొలవకుండా దాచుకుని, అవతలివాడు వివరాలు చెప్పాక కొలిస్తే రెండు సందేశాలూ చదివేయగలడు. ఆ నిరూపణకు బిట్ కమిట్‌మెంట్ కావాలి, అంటే ముందే ఒక మాట కవరులో పెట్టి సీలు వేయడం లాంటిది. భౌతికశాస్త్రం ఒక్కదాన్నే నమ్ముకుని అలాంటి కవరు తయారు చేయడం అసాధ్యమని 1997లో మేయర్స్ ఒకవైపు, లో, చౌ మరోవైపు నిరూపించారు. ఒకరికే జవాబు దక్కే ఇద్దరి లెక్కలకూ ఇదే గతి అని లో అదే ఏడాది చూపించాడు.

అంటే ఇంకేదో ఒకటి నమ్మాలి. అవతలివాడి క్వాంటం మెమరీ, అంటే ఫోటాన్లను కొలవకుండా దాచుకునే చోటు, చిన్నదని నమ్మొచ్చు. లేదా వన్ వే ఫంక్షన్లు, అంటే ముందుకు లెక్కించడం తేలికై వెనక్కి రాబట్టడం కష్టమైనవి, ఉన్నాయని నమ్మొచ్చు. ఈ రెండో నమ్మకానికి క్వాంటం సమాచారం తోడైతే ఆబ్లివియస్ ట్రాన్స్‌ఫర్ వచ్చేస్తుందని 2021లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. క్వాంటం లేకుండా, వన్ వే ఫంక్షన్‌ను లోపల ఎలా కట్టారో చూడకుండా వాడే పద్ధతుల్లో అది రాదని ఇంపాల్యాజో, రూడిచ్ 1989లోనే చెప్పారు. కాబట్టి 2021 ఫలితం నిజంగా అందమైనది. అయినా నేను ఆ దారి వద్దన్నాను. కారణం సిద్ధాంతంలో లేదు, పెట్టెలో ఉంది. మార్కెట్లో దొరికే క్వాంటం కీ పంపిణీ యంత్రాలు (ఫోటాన్ల ద్వారా ఇద్దరికి మాత్రమే తెలిసే రహస్య బిట్లు, అంటే కీ, ఇచ్చేవి) రెండు చివర్లలోనూ మిత్రులే ఉన్నారనీ, శత్రువు మధ్యలో ఉన్నాడనీ అనుకుని తయారైనవి. ఆబ్లివియస్ ట్రాన్స్‌ఫర్‌లో శత్రువు అవతలి చివరే కూర్చుంటాడు. ఫర్మ్‌వేర్ (యంత్రం లోపలి ప్రోగ్రాం) విప్పి చూడలేని పెట్టెతో అతను ఏం కొలిచాడో, ఏం దాచాడో నాకెలా తెలుస్తుంది?

మూడోవారు

ముగ్గురుంటే పరిస్థితి వేరు. అందరూ పద్ధతి ప్రకారమే నడుస్తూ, కుమ్మక్కయ్యేవాళ్లు సగం కంటే తక్కువమందే అయితే, ఫలానా లెక్క విప్పడం కష్టమన్న గణిత ఊహ ఏదీ లేకుండా ఏ లెక్కైనా రహస్యంగా చేయొచ్చని 1988లో బెన్-ఓర్, గోల్డ్‌వాసర్, విగ్డర్సన్ నిరూపించారు. చౌమ్, క్రెపో, డామ్‌గార్డ్ కూడా అదే ఏడాది అలాంటి ఫలితమే ఇచ్చారు. ఇది కాగితం మీదే ఆగిపోలేదు. 2008 జనవరిలో డెన్మార్క్‌లో చక్కెర దుంపల ఉత్పత్తి హక్కుల వేలాన్ని మూడు సర్వర్ల మీద ఇలాంటి ఉమ్మడి లెక్కతోనే నడిపారు. సుమారు 1,200 మంది రైతులు పాల్గొన్నారు, లెక్కకు అరగంట పట్టింది. డాక్టర్లకు ధైర్యం ఇచ్చింది సిద్ధాంతం కన్నా ఈ దుంపల వేలమే.

ఆ 1988 నిరూపణల్లో చాలామంది చూసీచూడనట్టు దాటేసే వాక్యం ఒకటుంది: ప్రతి ఇద్దరి మధ్యా మూడోవారు వినలేని దారి ఉందనుకుందాం. ఆచరణలో ఆ దారి స్థానంలో, వెబ్‌సైట్లు వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయిన టీఎల్‌ఎస్ పెడతారు. దాంతో ఏ ఊహా అక్కర్లేని నిరూపణ కాస్తా టీఎల్‌ఎస్ ఎంత గట్టిదో అంతకే దిగుతుంది. తీగ మీద పోయిన వాటాలన్నీ (రహస్య సంఖ్యను విడగొట్టి పంచుకునే ముక్కలు) దాచుకున్నవాడు ఒకనాడు టీఎల్‌ఎస్ విప్పితే అసలు సంఖ్యలే చేతికొస్తాయి. క్వాంటం కీ సరిగ్గా ఇమిడేది ఈ ఖాళీలోనే. లెక్కంతా మామూలు కంప్యూటర్లే చేస్తాయి. క్వాంటం పని ఆ ఒక్క వాక్యాన్ని నిజం చేయడమే. ఇదీ కొత్త ఆలోచన కాదు. జపాన్‌లో ఎన్‌ఐసీటీ అనే సంస్థ పరిశోధకులు టోక్యో క్వాంటం నెట్‌వర్క్ మీద రహస్య వాటాలుగా డేటా దాచే ప్రయోగాన్ని 2016లో ప్రచురించారు. వాళ్లది దాచడం, మాది లెక్కించడం.

అదే వ్యాధికి చికిత్స చేస్తున్న మూడో ఆసుపత్రి చేరింది. ఇక్కడి నుంచి వాటిని ఎ, బి, సి అంటాను. రోగుల రికార్డులు వరుసగా 400, 500, 300. రక్షణ హద్దు ముందే కాగితం మీద పెట్టాం: ఏ ఇద్దరు చేతులు కలిపినా రహస్యం ఉండదు, ఎవరైనా తప్పుడు రికార్డులు పెడితే ఈ పద్ధతి పట్టుకోలేదు.

కీలే మాస్కులు

పద్ధతి ఇలా ఉంటుంది. ఒక సంఖ్యను మూడు యాదృచ్ఛిక ముక్కలుగా విడగొడతాం, మూడూ కలిపితే అసలు సంఖ్య. ఎ దగ్గర మొదటిదీ రెండోదీ, బి దగ్గర రెండోదీ మూడోదీ, సి దగ్గర మూడోదీ మొదటిదీ ఉంటాయి. ఎవరికైనా ఒక ముక్క తక్కువే. కూడికకు ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. గుణకారానికి మాత్రం ప్రతి ఒక్కరూ పక్కవారికి ఒక సంఖ్య పంపాలి. పంపేముందు దానికి ఒక మాస్క్, అంటే అసలు విలువను కప్పేసే యాదృచ్ఛిక సంఖ్య, కలపాలి. మూడు మాస్కులూ కూడితే సున్నా రావాలి.

ఆ మాస్కుల్ని సాధారణంగా, మామూలు ఎన్‌క్రిప్షన్ పద్ధతి అయిన ఏఈఎస్ లాంటి దానితో పుట్టిస్తారు. అక్కడ మళ్లీ గణిత ఊహ దొంగదారిన వచ్చి కూర్చుంటుంది. మేం మాస్కుల్ని నేరుగా క్వాంటం కీల నుంచే తీశాం. ఎ-బి మధ్య ఒక కీ, బి-సి మధ్య ఒకటి, సి-ఎ మధ్య ఒకటి. ప్రతివారూ తన ఒక పక్క కీలోంచి రెండో పక్క కీ తీసేస్తే అదే మాస్క్. మూడూ కలిపితే సున్నా దానంతటదే వస్తుంది, ఎవరూ ఏమీ పంపుకోనక్కర్లేదు. ఇద్దరి మధ్య మాత్రమే ఉండే యాదృచ్ఛిక బిట్లు ఇవ్వడమే క్వాంటం కీ పంపిణీ చేసే పని, ఈ లెక్కకు కావాల్సిందీ అదే. ఈ రెండూ ఇంత సహజంగా అతకడం చూసిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

నెట్‌వర్క్ పటంలో దొరికిన రంధ్రం

లింకులు వేసే బృందం పటం తెచ్చింది. ఎ నుంచి బికి, బి నుంచి సికి ఫైబర్ ఉంది. ఎ, సి మధ్య నేరుగా లేదు, కాబట్టి ఆ కీ బి మీదుగా పోతుంది. బి దగ్గర ట్రస్టెడ్ నోడ్, అంటే కీని అందుకుని ముందుకు పంపే నమ్మకమైన మజిలీ, ఉంటుంది. క్వాంటం నెట్‌వర్కుల్లో ఇది నిత్యం చేసే పనే. 2017లో మొదలైన బీజింగ్-షాంఘై మార్గం 2,000 కిలోమీటర్లు సాగేది ఇలాంటి 32 నోడ్ల మీదుగానే. వాళ్లు తప్పు చేయలేదు, వాళ్ల రంగంలో అది మామూలు ఆచారం.

కానీ ఇక్కడ బి కేవలం నోడ్ కాదు, లెక్కలో భాగస్వామి. నోడ్‌గా ఎ-సి కీ దానికి తెలుస్తుంది. ఎ తన రికార్డును ముక్కలు చేసి సికి పంపే మూడోదీ మొదటిదీ బి చదవగలదు. రెండోదీ మూడోదీ ఎలాగూ దాని దగ్గరున్నాయి. మూడు ముక్కలూ దొరికాయి, ఎ రికార్డులన్నీ బి ముందు తెరిచిన పుస్తకం. సి రికార్డులకూ ఇదే గతి. మాస్కులు కూడా అదే కీ నుంచి పుడుతున్నాయి కాబట్టి అవీ కాపాడవు. క్వాంటం లింకులు రెండూ నిక్కచ్చిగా పనిచేస్తూనే ఉంటాయి, ఏ అలారమూ మోగదు. సమ్మతి పత్రంలోని మాట మాత్రం మొదటి నిమిషంలోనే చెరిగిపోతుంది.

ఇలాంటి ప్రాజెక్టుల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఇదేనని నా అభిప్రాయం. నెట్‌వర్క్ వాళ్లు నమ్మకమైన నోడ్ అన్నప్పుడు బయటి దొంగ నుంచి కాపలా అని అర్థం. ఉమ్మడి లెక్కలో పక్కవాడే దొంగ కావచ్చన్నది మొదటి సూత్రం. ఒకే మాట రెండు బల్లల దగ్గర రెండు అర్థాల్లో వాడుతున్నారని పటం మీద వేలు పెట్టి చూపించేదాకా ఎవరికీ తట్టలేదు. నాకూ రెండోసారి చూసినప్పుడే తట్టింది.

చివరికి ఎ, సి మధ్య నేరుగా వాడకంలో లేని ఫైబర్ తీసుకున్నారు. అది 80 కిలోమీటర్లు. 1550 నానోమీటర్ల కాంతికి మంచి ఫైబర్లో కిలోమీటరుకు 0.2 డెసిబెల్ నష్టం వేసుకుంటే మొత్తం 16 డెసిబెల్. నూరు ఫోటాన్లు బయల్దేరితే రెండున్నర చేరతాయన్న మాట. తప్పుల్ని దిద్ది, విన్నవాడికి తెలిసి ఉండగల భాగాన్ని కుదించి తీసేశాక ఆ లింకు మాకిచ్చింది సెకనుకు సుమారు 2 కిలోబిట్ల కీ. మిగతా రెండు లింకులు అంతకంటే చాలా వేగం. అయితే లెక్క మూడు లింకుల్నీ సమానంగా వాడుతుంది కాబట్టి దాని నడక నెమ్మదైన లింకు నడకే.

బిట్ల పద్దు

ఇక్కడి నుంచి నా పని క్రిప్టోగ్రఫీ కంటే ఇంటి ఖర్చు రాసుకోవడంలా మారింది. 32 బిట్ల సంఖ్యల గుణకారం ఒక్కోదానికి ప్రతి లింకు మీదా 32 బిట్లు, సందేశాన్ని కప్పి ఒక్కసారే వాడి పారేసే వన్ టైమ్ ప్యాడ్‌కు, 32 బిట్లు మాస్కుకు, మొత్తం 64. ఒక్క బిట్ మీద జరిగే గుణకారం, అంటే ఆండ్, అయితే 2 బిట్లు. బిట్ల కూడిక, అంటే ఎక్స్ఆర్, ఉచితం.

ఖర్చంతా మేం ఊహించని చోట ఉంది. మరణాల కాలాన్ని పోల్చే లాగ్-ర్యాంక్ పరీక్ష బరువనుకున్నాం. ఆ పరీక్షకు కావాల్సినవి నెలవారీ సంఖ్యల కూడికలు, కొద్ది గుణకారాలు, కొద్ది భాగహారాలు. అసలు బరువు అంతకు ముందు మెట్టులో ఉంది. ఒకే రోగి రెండు ఆసుపత్రుల్లోనూ నమోదై ఉండొచ్చు, రెండుసార్లు లెక్కపెడితే ఫలితం చెడిపోతుంది. అందుకని ఎవరి గుర్తింపు సంఖ్యా బయటపడకుండా అందరినీ అందరితో పోల్చాలి. ఎ-బి మధ్య 2,00,000 జతలు, బి-సి మధ్య 1,50,000, ఎ-సి మధ్య 1,20,000, మొత్తం 4,70,000. 64 బిట్ల గుర్తింపు సంఖ్యలు రెండూ ఒకటేనా అని చూడటానికి 63 ఆండ్లు, అంటే 126 బిట్ల కీ. మొత్తం 5.9 కోట్ల బిట్లు పైచిలుకు. సెకనుకు 2,000 చొప్పున ఎనిమిది గంటలకు పైనే పడుతుంది.

పుట్టిన సంవత్సరం వారీగా విడగొట్టి పోలిస్తే పని పదో వంతుకు తగ్గేది. నేను ఒప్పుకోలేదు. అరుదైన వ్యాధిలో ఏ సంవత్సరంలో పుట్టినవాళ్లు ఎందరున్నారో బయటపడితే, కొన్ని గడుల్లో ఒక్కరే ఉంటారు. దానికి బదులు గుర్తింపు సంఖ్యల్ని, ముగ్గురూ కలిసి ఎంచుకున్న, పొడవైన సంఖ్యను చిన్నదిగా మార్చే యాదృచ్ఛిక హాష్‌తో 40 బిట్లకు కుదించాం. ఇద్దరు వేర్వేరు మనుషులు పొరపాటున ఒకరిగా కనిపించే అవకాశం మొత్తం జతలన్నీ కలిపి చూసినా 23 లక్షల్లో ఒకటి. 39 ఆండ్లకు 78 బిట్లు, మొత్తం 3.67 కోట్ల బిట్లు, అయిదు గంటలు. ప్యాడ్‌ను ముందే కూడబెట్టుకోవచ్చు కాబట్టి రాత్రి కీలు పోగుచేసి పొద్దున లెక్క నడిపాం.

నా చేతులకు అలవాటైన పద్ధతి ఒకటి ఇక్కడ తలకిందులైంది. ఉమ్మడి లెక్కలు చేసేవాళ్లం మామూలుగా ఎన్ని విడతలు మాట్లాడుకుంటున్నామో లెక్కపెట్టి వాటిని తగ్గిస్తాం. దానికోసం కూడిక సర్క్యూట్‌ను వెడల్పుగా, తక్కువ లోతుతో కడతాం. 32 బిట్ల కూడికను అలా కడితే విడతలు అయిదారే, కానీ ఆండ్లు కొన్ని రెట్లు ఎక్కువ. బడిలో నేర్చుకున్నట్టు ఒక్కో స్థానం నుంచి మిగులు మోసుకుంటూ పోతే 31 ఆండ్లు, 31 విడతలు. ఫైబర్లో కాంతికి 80 కిలోమీటర్లు 0.4 మిల్లీసెకను. 31 విడతలైనా 13 మిల్లీసెకన్లలోపే. సమయం ధారాళంగా ఉంది, కీ లేదు. ఏళ్ల తరబడి వాడిన నా ప్రోగ్రాం లైబ్రరీలోంచి ఆ వెడల్పు సర్క్యూట్లన్నీ తీసేసి పాతకాలపు కూడిక పెట్టాను.

వెనక్కి తిరిగిన ప్యాడ్

కల్పిత రికార్డులతో పరీక్షిస్తున్న వారంలో ఎ దగ్గరి సర్వర్ ఒకటి ఆగిపోయింది. అక్కడి నిర్వాహకులు ముందు రోజు తీసిన డిస్క్ నకలు, అంటే స్నాప్‌షాట్ నుంచి దాన్ని తిరిగి లేపారు. ఏ సర్వర్‌కైనా చేసే మంచి పనే అది. క్వాంటం యంత్రం తరఫు కీ మేనేజర్ ఇచ్చిన కీని ఒక్కసారే ఇస్తుంది, మళ్లీ ఇవ్వదు. కానీ మా ప్రోగ్రాం తీసుకున్న కీలను డిస్క్ మీద చిన్న నిల్వగా పెట్టుకునేది. స్నాప్‌షాట్‌తో పాటు ఆ నిల్వా నిన్నటికి వెళ్లింది. వాడేసిన ప్యాడ్ మళ్లీ కొత్తదిలా కనిపించింది. ఎ దానితో కొత్త రికార్డుల ముక్కలు పంపేసింది.

ఒకే ప్యాడ్ రెండుసార్లు వాడితే రెండు సందేశాల్నీ తీసివేసినవాడికి ప్యాడ్ మాయమై వాటి తేడా మిగులుతుంది. మాస్కులు కూడా అదే నిల్వ నుంచి వచ్చాయి కాబట్టి అవీ అలాగే కొట్టేసుకుపోతాయి. అవతలి వైపు, సందేశం అసలుదేనని రుజువు చేసే వెగ్‌మన్-కార్టర్ ముద్ర సరిపోలక సి సందేశాన్ని తిరస్కరించి ఆగిపోయింది. అందువల్లే మాకు తెలిసింది. అయితే తిరస్కరించేలోపే ఆ బిట్లు తీగ మీదికి వచ్చేశాయి. నిజమైన రోగుల రికార్డులై ఉంటే వెనక్కి తీసుకునే మార్గమే లేదు. ఆ రాత్రి ముగ్గురికీ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను.

ఆ తర్వాత కీలు డిస్క్ ముట్టవు, మెమరీలోనే ఉంటాయి. ముందు వాడేసినట్టు చెరిపి, తర్వాతే సందేశం పంపుతాం. మధ్యలో కరెంటు పోతే కొంత కీ వృథా అవుతుంది, కానివ్వండి. ప్రోగ్రాం ఎప్పుడు మొదలైనా మిగిలిన నిల్వ మొత్తం పారేసి, రెండు చివరలూ కొత్త విడత సంఖ్య ఒప్పుకున్నాకే నడుస్తుంది. ఆ యంత్రాలకు స్నాప్‌షాట్ సౌకర్యాన్నే తీసేయించాం.

ఇదంతా అవసరమా అని ఒక సమీక్షకుడు అడిగారు. న్యాయమైన ప్రశ్న. అమెరికా గూఢచార సంస్థ ఎన్‌ఎస్‌ఏ జాతీయ భద్రతా వ్యవస్థలకు క్వాంటం కీ పంపిణీని సిఫార్సు చేయడం లేదు. ఎన్‌ఐఎస్‌టీ (అక్కడి ప్రమాణాల సంస్థ) 2024 ఆగస్టులో, క్వాంటం కంప్యూటర్లను తట్టుకునేలా కట్టిన కీ పద్ధతి అయిన ఎంఎల్-కెమ్‌ను ప్రమాణంగా ప్రకటించింది, సాఫ్ట్‌వేర్‌తోనే పని అయిపోతుంది. అయిదారేళ్ల రహస్యమైతే నేనూ అదే చెప్తాను. పైగా సిద్ధాంతంలో గట్టిదైనా క్వాంటం యంత్రం పరికరంగా మోసపోవచ్చు. డిటెక్టర్లను గట్టి కాంతితో గుడ్డివి చేసి కీ దొంగిలించవచ్చని 2010లో చూపించారు. అందుకే మేం రెండూ పెట్టాం. ప్రతి ప్యాడ్ మీదా, ప్రతి మాస్క్ మీదా ఎంఎల్-కెమ్ నుంచి వచ్చిన ఇంకో ప్రవాహం కలుస్తుంది. రహస్యం బయటపడాలంటే రెండూ విరగాలి. దీనికి క్వాంటం బిట్ ఒక్కటీ అదనంగా ఖర్చు కాదు.

అసలు రికార్డులతో లెక్క ఒకసారి నడిచింది. బయటికి వచ్చింది ఒకే ఒక సంఖ్య, పరీక్ష ఫలితం. నెలవారీ సంఖ్యలు గానీ, ఎంతమంది రెండు చోట్లా నమోదయ్యారన్నది గానీ తెరవలేదు. ఫలితం ఏమిటన్నది డాక్టర్లు ప్రచురించాల్సిన విషయం.

ఇప్పుడు నన్ను ఆలోచింపజేస్తున్నది రెండో విడత. ఒకే లెక్కను ఒక కొత్త రోగి చేరాక మళ్లీ నడిపితే, రెండు ఫలితాల తేడా ఆ ఒక్క మనిషి గురించి మాట్లాడుతుంది. దాన్ని ఏ కీ ఆపదు, ఎందుకంటే ఫలితాన్ని అందరికీ చూపిస్తున్నది మనమే. కనీసం 30 మంది కొత్తవాళ్లు చేరితే తప్ప మళ్లీ నడపకూడదని ముగ్గురూ ఒప్పందం రాసుకున్నారు. ఆ 30 ఎవరి దగ్గర ఎందరో చెప్పుకోకుండా మొత్తం దాటిందా లేదా అన్నది కూడా వాటాలతోనే చూస్తాం. ప్రతి మూడు నెలలకూ ఒక కూడిక, ఒక పోలిక, కొన్ని వందల బిట్ల కీ. మొన్న చూశాం. ఇంకా దాటలేదు.